కుక్క తోక పట్టుకుని గోదారి ఈదవచ్చా?

‘కుక్క తోక పట్టుకుని గోదారి ఈదినట్టు’ అన్న సామెతను గోదారి సంగతి బాగా ఎరిగినవాళ్లే పుట్టించి ఉంటారు. భద్రాచలం దగ్గర నీటిమట్టం 53 అడుగులు దాటితే చివరిదైన మూడో ప్రమాద హెచ్చరిక ఇస్తారు. 1986 ఆగస్టులో అది 75.6 అడుగులకు, 2022 జూలైలో 71.3 అడుగులకు చేరింది. అంత నీటిలో కుక్క తన ప్రాణం దక్కించుకోవడమే గగనం. ఇక దాని తోక పట్టుకున్నవాడు ఒడ్డెక్కేదెక్కడ? ఆసరా కానిదాన్ని ఆసరా అనుకునేవాళ్లకు పెద్దలు వేసిన చురక ఇది.

ఈ మధ్య చాలామంది కుక్క తోకే పట్టుకుంటున్నారు. విశ్వాసానికి కుక్క, కల్మషం లేని ప్రేమకు కుక్క, నిన్నటి బాధ మరిచిపోవడానికి కుక్క, రేపటి దిగులు లేకపోవడానికీ కుక్కే. దాన్ని చూసి బతకడం నేర్చుకోమనే పుస్తకాలూ సందేశాలూ కోకొల్లలు. వాటిలో కుక్క నిజంగా నేర్పేవెన్ని? మనకు నచ్చిన నీతులను దాని మెడలో కట్టినవెన్ని? గత పాతికేళ్లలో కుక్క నడవడి మీద జరిగినన్ని ప్రయోగాలు అంతకుముందెన్నడూ జరగలేదు. ఖమ్మం మైదానం వెనకబడి భద్రాచలం అడవి మొదలయ్యే చోట బతికే కుక్కలను కళ్లముందు ఉంచుకుని, ఆ ప్రయోగాలు ఏం చెబుతున్నాయో చూద్దాం.

ఊరికీ అడవికీ నడుమ

పాల్వంచ దాటి కిన్నెరసాని అభయారణ్యం అంచున వెళ్లినా, గోదారి దాటి దుమ్ముగూడెం, చర్ల వైపు వెళ్లినా కోయగూడెంలో కొత్తవాళ్లను మొదట పలకరించేది కుక్కే. మెడలో పట్టీ ఉండదు, చెప్పుకోవడానికి జాతి పేరు ఉండదు. పొట్టి బొచ్చు, నిక్కిన చెవులు, పైకి వంకీ తిరిగిన తోక. ఒకరి వాకిట్లో పడుకుంటుంది, ఇంకొకరి గుమ్మం దగ్గర గంజి తాగుతుంది. పట్నంలో అయితే దీన్ని వీధికుక్క అంటాం, దిక్కులేనిదని జాలిపడతాం. నిజానికి కుక్కల లోకంలో ఇదే మామూలు బతుకు. ప్రపంచంలో సుమారు నూరు కోట్ల కుక్కలుంటే, వాటిలో నాలుగింట మూడు వంతులు ఇలా స్వేచ్ఛగా తిరిగేవేనని అమెరికా జీవశాస్త్రజ్ఞుడు రేమండ్ కాపింజర్ లెక్కకట్టాడు. సోఫా మీద పడుకునే కుక్కలే అరుదు.

గూడెం కుక్కకు పని ఉంటుంది. పోడు చేలో పంట గింజ పట్టే వేళకు అడవిపందులు దిగుతాయి. మంచె మీద కాపలా ఉన్నవాళ్లకు కళ్లు పనిచేయని చీకట్లో కుక్క చెవులూ ముక్కూ పనిచేస్తాయి. వేసవి మొదట్లో ఇప్పపువ్వు రాలే రోజుల్లో జనం తెల్లవారకముందే బుట్టలతో చెట్ల కిందికి చేరతారు. ఎలుగుబంటికీ ఇప్పపువ్వంటే ప్రాణం. చెట్టుకింద ముందే ఎవరున్నారన్న కబురు కుక్క దగ్గర ఉంటే కాస్త ముందుగా అందుతుంది.

ఆ కబురు మొరుగుడు రూపంలో వస్తుంది. ఎదిగిన తోడేలు మొరగడం తక్కువ. మనిషి దగ్గర చేరాక కుక్క ఆ గొంతును పెంచుకుంది. హంగరీలో బుడాపెస్టు విశ్వవిద్యాలయ పరిశోధకుడు పీటర్ పొంగ్రాజ్ బృందం కుక్కల మొరుగుళ్లను రికార్డు చేసి జనానికి వినిపించింది. కొత్తమనిషిని చూసి మొరిగిందా, ఒంటరిగా కట్టేస్తే మొరిగిందా, ఆటలో మొరిగిందా చెప్పమంది. ఎన్నడూ కుక్కను పెంచనివాళ్లు కూడా గుడ్డిగా ఊహిస్తే వచ్చేదానికన్నా మెరుగ్గానే చెప్పారు. రాత్రంతా మంచె మీద గడిపే రైతుకు ఇది కొత్త సంగతేమీ కాదు. పందికి ఒక తీరు, బాటన పోయే మనిషికి ఒక తీరు అని వినగానే పసిగడతాడు.

భయం తగ్గినవాళ్ల బంధుత్వం

కుక్క తోడేలు వంశంలోది. ఆ రెండూ ఎక్కడ, ఎప్పుడు విడిపోయాయన్న దాని మీద వాదాలు ఇంకా సాగుతున్నాయి, కనీసం పదిహేను వేల ఏళ్ల కిందటన్నది ఎక్కువమంది మాట. జర్మనీలో బాన్ నగరం దగ్గర ఓబర్‌కాసెల్ అనే చోట 1914లో రాళ్లు తవ్వుతుంటే ఒక సమాధి బయటపడింది. అందులో ఒక పురుషుడు, ఒక స్త్రీ, వాళ్లతో ఒక కుక్క. వయసు పద్నాలుగు వేల ఏళ్లకు పైమాటే. చాలాకాలం తర్వాత దాని పళ్లను పరీక్షించిన లూక్ యాన్సెన్స్ బృందం 2018లో ఒక విశేషం చెప్పింది. ఏడు నెలలకు చనిపోయిన ఆ కుక్కపిల్లకు అంతకు కొన్ని వారాల ముందు డిస్టెంపర్ అనే వైరస్ జబ్బు సోకింది. ఎవరో దగ్గరుండి సాకకపోతే అన్ని వారాలు బతికేది కాదు. వేటకు, కాపలాకు పనికిరాని రోగిష్టి పిల్లకు అంత సేవ ఎందుకు చేశారు? పనికొచ్చేదాన్ని చూసుకోవడం లెక్క, పనికిరానిదాన్ని చూసుకోవడం మమకారం. ఇక్కడ పాఠం నేర్పింది కుక్క కాదు, మన పూర్వీకులు. కశ్మీరులోని బుర్జహోమ్ నవీన శిలాయుగపు సమాధుల్లోనూ మనుషుల పక్కన కుక్కలు కనిపించాయి.

అడవి మృగం ఇంటి జంతువు కావడానికి ఏం మారాలి? రష్యా శాస్త్రజ్ఞుడు ద్మిత్రి బెల్యాయెవ్ 1959లో నోవోసిబిర్స్క్‌లో నక్కల మీద ఈ ప్రయోగం మొదలుపెట్టాడు. ప్రతి తరంలోనూ మనిషిని చూసి తక్కువగా భయపడే నక్కలను ఏరి, వాటినే జతకట్టించాడు. ఇంకే లక్షణాన్నీ పట్టించుకోలేదు. కొన్ని తరాలు గడిచేసరికి తోక ఆడించేవి, మనిషి చేతిని నాకేవి పుట్టాయి. కొన్నింటికి చెవులు వాలాయి, కొన్నింటి ఒంటి మీద తెల్లమచ్చలు వచ్చాయి. తర్వాత కుక్కల తెలివిని పరిశోధించే బ్రయన్ హేర్ వెళ్లి పరీక్షిస్తే, ఈ నక్కల పిల్లలు మనిషి సైగలను కూడా కుక్కపిల్లల మాదిరిగానే అందుకున్నాయి. తెలివి కోసం ఎవరూ వాటిని ఏరలేదు. భయం తగ్గింది, దాంతో ఎదుటివాణ్ణి గమనించే తీరిక దొరికింది. బెత్తం చూపించి చదువు చెప్పేవాళ్లు ఈ ప్రయోగం గురించి కాస్త ఆలోచించాలి.

తిండి కూడా వాటిని మార్చింది. పిండిపదార్థాన్ని అరిగించే అమిలేజ్ ఎంజైముకు సంబంధించిన జన్యువు తోడేలులో రెండు ప్రతులుంటే, కుక్కల్లో నాలుగు నుంచి ముప్ఫై దాకా ఉన్నాయని స్వీడన్‌కు చెందిన ఎరిక్ ఆక్సెల్సన్ బృందం 2013లో తేల్చింది. సేద్యం పాతుకుపోయిన నేలల్లోని కుక్కల్లో ఈ ప్రతులు ఎక్కువ, ఆస్ట్రేలియా డింగోలో రెండే. జొన్న గటక, బియ్యం గంజి తాగి బతకగలగడం గూడెం కుక్క అలవాటే కాదు, దాని నెత్తుటిలో రాసి ఉన్న చరిత్ర. మనం పంట వేస్తే అది పొట్ట మార్చుకుంది.

వేలు చూపితే ఎటు చూడాలి?

రెండు గిన్నెలు బోర్లించి, ఒకదాని కింద తిండి పెట్టి, ఆ గిన్నె వైపు వేలు చూపండి. చింపాంజీకి ఈ సైగ ఒక పట్టాన అర్థం కాదు. కుక్కపిల్లకు అర్థమవుతుంది. 2002లో బ్రయన్ హేర్, మైకేల్ తొమసెల్లో బృందం ఈ ఫలితాన్ని ప్రకటించాక కుక్కల మనసు మీద పరిశోధనలు వెల్లువెత్తాయి. అయితే వాటిలో ఎక్కువ భాగం పెంపుడు కుక్కల మీదే జరిగాయి. మన వీధుల్లో తిరిగే కుక్కల సంగతేమిటి?

ఆ ప్రశ్నను పట్టుకున్నది కోల్‌కతా ఐసర్ అనే పరిశోధన సంస్థలోని అనిందితా భద్ర. ఆమె బృందం పదిహేనేళ్లకు పైగా వీధికుక్కలనే వాటి నెలవుల్లోనే గమనిస్తోంది. వేలు చూపే ప్రయోగాన్ని వాళ్లు మూడు వయసుల కుక్కల మీద చేశారు. బుజ్జిపిల్లలు వేలు చూపిన వైపు నిస్సందేహంగా వెళ్లాయి. ఎదుగుతున్నవి పెద్దగా పట్టించుకోలేదు. అప్పటికి వాటికి మనిషి చేతి దెబ్బలు కొన్ని అనుభవమై ఉంటాయి కదా. పెద్దవి మనిషిని బట్టి నడుచుకున్నాయి. వేలు చూపిన గిన్నెలో తిండి దొరికితే మళ్లీ ఆ మనిషి మాట విన్నాయి, ఖాళీ గిన్నె చూపి మోసం చేస్తే తర్వాతిసారి వినడం తగ్గించాయి.

కుక్క విశ్వాసం గురించి మనం చెప్పుకునే కథలకు ఈ ఫలితం ఎదురు నిలబడుతుంది. గుడ్డినమ్మకం పసితనంలో ఉంటుంది, ముఖం తిప్పుకోవడం కుర్రతనంలో ఉంటుంది. ఎదిగిన కుక్క ఈ రెండింటినీ దాటి, చూసి నమ్మడం నేర్చుకుంటుంది. ఓట్లకు వచ్చే నాయకుణ్ణీ, రెట్టింపు వడ్డీ ఇస్తానన్న కంపెనీనీ బుజ్జిపిల్లలా నమ్మి, దెబ్బ తిన్నాక లోకంలో ఎవరినీ నమ్మకూడదని ఒట్టేసుకునేవాళ్లు మనలో తక్కువేమీ కాదు. నడుమ ఉన్న దారి వీధికుక్కకు తెలుసు.

నమ్మకం దేనితో పెరుగుతుందో కూడా భద్ర బృందం చూసింది. కొన్ని కుక్కలకు పలుమార్లు అదనంగా తిండి పెట్టారు, కొన్నింటి తల పలుమార్లు నిమిరారు. కొన్నాళ్లకు మనిషి చేతిలోంచి తిండి అందుకోవడానికి ఏవి ముందుకు వచ్చాయంటే, తల నిమిరించుకున్నవే. ఎంగిలాకుల దగ్గర పోట్లాడుకునే ప్రాణి కూడా స్పర్శకు తిండి కన్నా ఎక్కువ విలువ ఇచ్చింది. దీని వెనక ఉన్న శరీరధర్మంలో కొంత భాగాన్ని 2015లో జపాన్‌కు చెందిన మిహో నాగసావా, తకెఫుమి కికుసుయి బయటపెట్టారు. పెంపుడు కుక్కా యజమానీ ఒకరి కళ్లలోకి ఒకరు చూసుకుంటే ఇద్దరిలోనూ ఆక్సిటోసిన్ అనే హార్మోను పెరుగుతుంది. తల్లీబిడ్డల నడుమ పనిచేసే హార్మోను అదే. మనుషులు చేతులతో పెంచిన తోడేళ్లలో ఈ మార్పు కనబడలేదు. అంటే కుక్క ప్రేమ నటన కాదు. అయితే అది ఒకవైపు నుంచే పారే ఏరూ కాదు. మనం చూస్తేనే అది చూస్తుంది.

ఈలవేసే దొరలు

ఇదే అడవి వరసలో కుక్కకు దూరపు చుట్టం ఒకటుంది. ఎర్రటి ఒళ్లు, నల్లటి కుచ్చుతోక ఉన్న రేచుకుక్క. మధ్యభారతం, తూర్పు కనుమల అడవుల్లో మందలుగా తిరుగుతుంది. పేరులో కుక్క ఉన్నా ఊరకుక్కతో దీనికి జత కుదరదు. కుక్కకు కింది దవడలో పక్కకు మూడేసి విసురుదంతాలుంటే దీనికి రెండేసే. ఇది మొరగదు, ఈల వేస్తుంది. దట్టమైన పొదల్లో చెల్లాచెదురైన మంద ఆ ఈలలతోనే మళ్లీ కలుస్తుంది. దుప్పిని బతికుండగానే చీలుస్తుందని బ్రిటిషు కాలపు షికారీలు దీన్ని క్రూరమృగాల జాబితాలో చేర్చారు. 1972లో వన్యప్రాణి సంరక్షణ చట్టం వచ్చేదాకా దీన్ని చంపి తోక తెచ్చినవాళ్లకు సర్కారు బహుమానాలు దక్కాయి. ఇప్పుడు ప్రపంచం మొత్తం మీద పిల్లల్ని కనే వయసు రేచుకుక్కలు 949 నుంచి 2,215 దాకా మాత్రమే మిగిలాయని అంతర్జాతీయ ప్రకృతి పరిరక్షణ సంఘం అంచనా.

బందీపూర్ అడవుల్లో వీటిని దగ్గర్నుంచి గమనించిన పరిశోధకుడు ఎ.జె.టి. జాన్‌సింగ్ చూపించిన చిత్రం వేరు. వేటకు పోయిన పెద్దలు మాంసం మింగి వచ్చి, గుహ దగ్గర పిల్లలకూ, వాటిని కనిపెట్టుకుని ఉన్న తల్లికీ కక్కి పెడతాయి. పిల్లలు మందలో ఒక ఆడదానివే అయినా సాకే భారం అందరిదీ. క్రూరత్వమని మనం పేరు పెట్టింది వేట పద్ధతిని. ఆ పేరు పెట్టేటప్పుడు వాటి ఇంటివైపు తొంగిచూడలేదు.

మరి ఊరకుక్కలో ఈ కలివిడి ఉందా? వియన్నా దగ్గరి తోడేళ్ల పరిశోధన కేంద్రంలో సారా మార్షల్-పెషినీ బృందం 2017లో ఒక పరీక్ష పెట్టింది. ఒక తాడు రెండు కొసలనూ ఇద్దరు ఒకేసారి లాగితేనే తిండి పళ్లెం దగ్గరికి వస్తుంది. ఏడు తోడేళ్ల జంటల్లో అయిదు నెగ్గాయి, ఎనిమిది కుక్కల జంటల్లో ఒక్కటే. తోటి కుక్కతో తగువు వద్దని ఒకటి లాగుతుంటే రెండోది పక్కకు తప్పుకుంది. తప్పు కుక్క స్వభావంలో లేదు. కలిసి వేటాడితేనే కడుపు నిండే జీవికి కలిసి లాగడం వస్తుంది. పెంటకుప్ప మీద ఎవరి ముక్క వాళ్లు ఏరుకునే జీవికి దాని అవసరం పడదు. ఒకచోట గుంపుగా ఉన్నంత మాత్రాన ఐకమత్యం రాదు, ఒకే పని మీద అందరి అన్నం ఆధారపడాలి. పొదుపు సంఘం నడిపిన ఏ ఆడమనిషిని అడిగినా ఇదే చెబుతుంది.

అలాగని ఊరకుక్కలో బంధుత్వమే లేదనుకోకూడదు. మనాబీ పాల్, అనిందితా భద్ర 2018లో రాసిన పరిశోధన వ్యాసానికి ‘గొప్ప భారతీయ ఉమ్మడి కుటుంబాలు’ అన్న అర్థం వచ్చే పేరు పెట్టారు. తల్లి తిండికి పోయినప్పుడు అమ్మమ్మ వరసది పిల్లలను కాస్తుంది, తండ్రి అనుకోదగిన మగకుక్క కాపలా ఉండి ఆడిస్తుంది. ఇంతమంది ఉన్నా ఆ పిల్లల్లో ఎక్కువ బతకవు. అదే బృందం 95 ఈతల్లో పుట్టిన 364 పిల్లలను లెక్కపెడితే, ఏడు నెలల దాకా బతికినవి నూటికి 19. చనిపోయినవాటిలో నూటికి 63 మనుషుల మూలంగానే పోయాయి. బండి కింద పడినవి, విషం పెడితే పోయినవి, కొట్టగా పోయినవి, తల్లి దగ్గర్నుంచి ఎత్తుకుపోగా పోయినవి.

రాముడి కొలువులో ఫిర్యాదు

భద్రాచలం రాముడి ఊరు. పాల్వంచ పరగణా తహసీల్దారు కంచెర్ల గోపన్న పదిహేడో శతాబ్దంలో కట్టించిన గుడి మూలంగా ఈ ఊరి పేరు తెలుగునాట ఇంటింటా మోగుతుంది. ఆ రాముడి కొలువుకు ఒక కుక్క ఫిర్యాదు తెచ్చిన కథ ఉత్తరకాండలో ప్రక్షిప్తాలుగా ఎంచే సర్గల్లో ఉంది. ఏ తప్పూ చేయకుండానే ఒక బ్రాహ్మణుడు తల పగలగొట్టాడని అది వాపోతుంది. దోషికి ఏ శిక్ష కావాలో చెప్పమంటే, అతణ్ణి ఒక మఠానికి అధిపతిని చేయమంటుంది. ఇది శిక్షా వరమా అని సభ తెల్లబోతే, గత జన్మలో తాను ఆ పదవిలో ఉండే ఇలా కుక్కనయ్యానని చెబుతుంది. కథ చెప్పినవాడి వ్యంగ్యం అధికారంలో ఉన్నవాళ్ల మీద. కానీ మన ప్రశ్న వేరు. కుక్కకు నిజంగానే అన్యాయం తెలుస్తుందా?

కొంతవరకు తెలుస్తుంది. 2009లో వియన్నాలో ఫ్రీడరికె రాంగె రెండు కుక్కలను పక్కపక్కన కూర్చోబెట్టి షేక్‌హ్యాండ్ ఇమ్మంది. ఒకదానికే తినిపించి రెండోదానికి ఏమీ ఇవ్వకపోతే, ఆ రెండోది త్వరలోనే చేయి ఇవ్వడం మానేసింది. ఒంటరిగా ఉన్నప్పుడు ఏమీ ఇవ్వకపోయినా అంతకన్నా ఎక్కువసార్లు ఇచ్చింది. అయితే ఒకదానికి మాంసం, ఇంకోదానికి రొట్టె ఇస్తే అభ్యంతరం లేదు. ‘నాకు లేదు’ అన్నది అర్థమైంది. ‘నాకు తక్కువ’ అన్నది పట్టలేదు. ఈ గుణం కుక్క మన దగ్గర నేర్చిందేమో అనుకున్నారు గాని, తర్వాతి పరీక్షల్లో తోడేళ్లూ అలాగే ప్రవర్తించాయి. గుంపులో బతికే జీవికి పంపకం లెక్క పుట్టుకతోనే వస్తుందన్నమాట.

పశ్చాత్తాపం మాటకు వస్తే సంగతి తిరగబడుతుంది. చెప్పు కొరికిన కుక్క తల దించుకుని, చెవులు వెనక్కి వాల్చి, ఓరగా చూస్తే తప్పు తెలిసిందనుకుంటాం. పరిశోధకురాలు అలెగ్జాండ్రా హోరోవిట్జ్ 2009లో దీన్ని పరీక్షించింది. తినొద్దన్నది తినని కుక్కలను కూడా, తిన్నాయని చెప్పి యజమానులతో తిట్టించింది. ఏ తప్పూ చేయనివే ఆ ‘తప్పు చేసిన’ ముఖం ఎక్కువగా పెట్టాయి. ఆ ముఖం పశ్చాత్తాపం కాదు, తిట్టేవాణ్ణి చల్లబరిచే ప్రయత్నం. తల దించుకున్న పిల్లవాడు తప్పు ఒప్పుకున్నాడని తీర్పు చెప్పే పెద్దలకు ఇది పనికొచ్చే ప్రయోగం.

న్యాయం అసలు ఎక్కడ నేర్చుకుంటాయో చూడాలంటే వాటి ఆట చూడాలి. ముందుకాళ్లు నేలకు ఆనించి, నడుము పైకెత్తి కుక్క ఒక వంగుడు వంగుతుంది. ‘ఇది ఉత్తుత్తి పోట్లాట’ అని దానర్థం. గట్టిగా కొరికే ముందూ తర్వాతా ఆ వంగుడు మళ్లీ వేస్తుందని పరిశోధకుడు మార్క్ బెకాఫ్ వీడియోలను నిదానంగా నడిపించి చూపించాడు. బలమైనది కావాలని వెల్లకిలా పడుతుంది, తరిమేది తరిమించుకుంటుంది. వంగి పిలిచి నిజంగా కరిచినదానితో మళ్లీ ఎవరూ ఆడరు.

కర్రెగుట్టల్లో ఒక జాగిలం

2025 ఏప్రిల్ 21 నుంచి మే 11 వరకు తెలంగాణ, ఛత్తీస్‌గఢ్ సరిహద్దులోని కర్రెగుట్టల్లో భద్రతాదళాలు మావోయిస్టుల కోసం గాలింపు జరిపాయి. గుట్టల కింద ఉన్న వెంకటాపురం, వాజేడు మండలాలు ఒకప్పుడు ఖమ్మం జిల్లా భద్రాచలం డివిజన్‌వే. ఆ గాలింపులో సీఆర్‌పీఎఫ్‌తో పాటు రోలో అనే రెండేళ్ల ఆడ జాగిలం ఉంది. బెల్జియన్ మాలినోయిస్ జాతిది, బెంగళూరు దగ్గరి తరళులో ఉన్న సీఆర్‌పీఎఫ్ జాగిలాల పాఠశాలలో శిక్షణ పొందింది. మట్టిలో పూడ్చిన మందుపాతరలను వాసన పట్టడం దాని పని. ఏప్రిల్ 27న తేనెటీగల తుట్టె కదిలింది. జవాన్లు దాన్ని పాలిథిన్ పట్టా కప్పి కాపాడబోయారు. ఈగలు లోపలికీ దూరాయి. మంట తాళలేక అది పట్టా తోసుకుని బయటికి వచ్చింది. సుమారు రెండు వందల కాట్లు. ఆసుపత్రికి చేర్చేలోగానే ప్రాణం పోయింది.

ఆ ముక్కు గొప్పతనం దాని నిర్మాణంలో ఉంది. పీల్చిన గాలి కుక్క ముక్కులో రెండు పాయలవుతుంది. ఒకటి ఊపిరితిత్తులకు, ఇంకొకటి వాసన పట్టే వెనక గదికి పోతుంది. వదిలే గాలి ముక్కురంధ్రాల పక్కనున్న చీలికల్లోంచి బయటికి పోతుంది గనుక ఎదుటి వాసన చెదరదు. మనకు వాసన కణాలు అరకోటి పైచిలుకు, కుక్కకు ఇరవై కోట్లకు పైన. ఆ ముక్కుకు నైట్రేటు వాసన తెలుసు. దాన్ని పాతిందెవరు, ఎందుకు పాతారు, తొక్కబోయేదెవరు అన్నవి తెలియవు. మన పోట్లాటలో అది ఏ పక్షమూ ఎంచుకోలేదు. వీరమరణమని గౌరవించడం బాగానే ఉంది. అడగని పనికి పెట్టినవాడి మీద పడే బాధ్యత ఆ గౌరవంతో తీరిపోదు.

గీత ఎక్కడ గీయాలి?

కుక్కను పొగిడే పుస్తకాలు సాధారణంగా కాటు దగ్గరికి రావు. 2023 ఫిబ్రవరిలో హైదరాబాదు అంబర్‌పేటలో వీధికుక్కల దాడిలో నాలుగేళ్ల బాలుడు చనిపోయాడు. దేశంలో ఏటా సుమారు 91 లక్షల మంది జంతువుల కాటుకు గురవుతున్నారనీ, 5,700 మందికి పైగా రేబిస్‌తో చనిపోతున్నారనీ భారత వైద్య పరిశోధన మండలి శాస్త్రజ్ఞుల అంచనా. కాట్లలో నాలుగింట మూడు వంతులు కుక్కలవే. రేబిస్ లక్షణాలు బయటపడ్డాక దాదాపు ఎవరూ బతకరు. బయటపడకముందు దాదాపు ఎవరూ చావనక్కర్లేదు. కరిచిన వెంటనే ధారగా పారే నీటితో, సబ్బుతో పదిహేను నిమిషాలు పుండు కడిగి, అదే రోజు టీకా మొదలుపెట్టి, చెప్పిన తేదీల్లో అన్నీ వేయించుకోవాలి. ప్రభుత్వ ఆసుపత్రుల్లో టీకా ఉచితం. పసరు పోసి, కారం అద్ది కాలయాపన చేస్తే ఆ గడువు చేజారిపోతుంది. ఒక ప్రాంతపు కుక్కల్లో నూటికి డెబ్బైకి టీకాలు వేస్తే రేబిస్ గొలుసు తెగుతుందని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది.

అడవి అంచున ఇంకో చిక్కుంది. ఓబర్‌కాసెల్ కుక్కపిల్లకు సోకిన డిస్టెంపర్ వైరస్ ఇప్పటికీ ఊరకుక్కల్లో తిరుగుతోంది. 1994లో ఆఫ్రికాలోని సెరెంగెటిలో ఆ వైరస్ సుమారు వెయ్యి సింహాలను బలిగొంది. 2018లో గుజరాత్ గిర్ అడవిలో చనిపోయిన సింహాల్లోనూ కనబడింది. రేచుకుక్కకూ అది సోకుతుంది. మన కుక్క అడవిలోకి పోయి కుందేలును తరిమితే తప్పు మనదే. అక్కడి నుంచి చిరుత ఊరిదాకా రావడానికీ కుక్కే ఎర అవుతుంది. మహారాష్ట్ర అకోలే ప్రాంతంలో చిరుతల తిండిలో కుక్కల వాటా నూటికి 39 అని విద్యా ఆత్రేయ బృందం తేల్చింది. స్నేహానికి హద్దు అక్కర్లేదనుకుంటే మనిషీ, కుక్కా, అడవీ ముగ్గురూ నష్టపోతారు. కుక్కకు టీకా, కుటుంబ నియంత్రణ ఆపరేషన్, రాత్రిపూట కట్టు, ఊరవతల పారేసే వ్యర్థాలకు ఒక దారి. అడవి పక్క ఊళ్లో కుక్కను ప్రేమించడమంటే ఈ నాలుగు పనులు చేయడమే.

ఇంతకీ మన ప్రశ్నకు జవాబేమిటి? కుక్క నీతిగురువు కాదు. పశ్చాత్తాపం, త్యాగం, షరతుల్లేని ప్రేమ మనం దాని ముఖంలో చదువుకున్నవి. దానికి బాగా వచ్చిన విద్య ఒక్కటే, ఎదుటివాణ్ణి శ్రద్ధగా గమనించడం. మన వేలు, మన కన్ను, మన అడుగు, మన మాట తప్పడం అన్నీ అది వేల ఏళ్లుగా చూస్తోంది. మనం దాన్ని శ్రద్ధగా చూడటం మొదలుపెట్టి పాతికేళ్లే అయింది.

చేసి చూడండి

మీ వీధిలో కుక్కలు ఆడుకునే వేళ కనిపెట్టండి, సాధారణంగా పొద్దున్నే, సాయంత్రం చల్లబడ్డాక. పది అడుగులకు తగ్గకుండా దూరంలో నిలబడండి. తినేవాటి దగ్గరికి, పిల్లల్ని పెట్టినవాటి దగ్గరికి వెళ్లకండి. నోటుపుస్తకంలో నాలుగు గడులు గీసి, ఏది ముందు వంగి పిలిచింది, ఏది దేన్ని తరిమింది, వంతులు మారాయా, ఆట ఎందుకు ఆగింది అన్నవి రాయండి. వారం గడిచాక మీ గడుల్లోని లెక్క ఈ అధ్యాయం చెప్పినదాన్ని కాదంటే, లెక్కనే నమ్మండి.